నల్లరేగడిలో తెలుగు పాఠం

చిలకలూరిపేటను నడిమధ్యన పెట్టుకుని చుట్టూ డెబ్బై కిలోమీటర్ల మేర గిరి గీస్తే పత్తి జిన్నింగ్ మిల్లులు, మిర్చి కళ్లాలు, పొగాకు బ్యారన్లు వస్తాయి. వాటితో పాటు ఆధునిక తెలుగు వాచకంలో పెద్ద భాగమే ఆ గిరిలో పడుతుంది. పడమటి దిక్కున వినుకొండ, గుర్రం జాషువా పుట్టిన ఊరు. ఉత్తరాన వేములూరుపాడు, ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఊరు. తూర్పున కొమ్మూరు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిది. ఆ పక్కన వేజండ్ల కొలకలూరి ఇనాక్‌ది. ‘సత్య హరిశ్చంద్రీయం’ రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల దగ్గరి ఇటికంపాడు మనిషి. వీళ్లలో జాషువా, కరుణశ్రీ, ఇనాక్ ముగ్గురూ తెలుగు పాఠం చెప్పి బతికినవాళ్లు.

ఇది కాకతాళీయం కావచ్చు. కానీ ఒక సంగతి మాత్రం గమనించదగ్గది. ఈ నేల మీద పుట్టిన రచనల్లో ఎక్కువ భాగం ఎదుటివాడి కష్టం చుట్టూ తిరిగేవే. గుడి గడప తొక్కనివ్వని మనిషి, కూలి అడిగినందుకు ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాడు, కాటికాపరి అయిన రాజు, కన్నబిడ్డను ఏటిపాలు చేసిన తల్లి, ఊరబావి నీళ్లకు నోచుకోని వాడ. ఇవన్నీ బడుల్లోకీ కాలేజీల్లోకీ పాఠాలుగా వెళ్లాయి. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక పేచీ వచ్చింది. సాహిత్యం చదివితే పిల్లవాడికి పరాయి బాధ అర్థమవుతుందా అన్నది ఇవాళ అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశోధన విషయం. ఈ రేగడి భూముల్లో మాత్రం దానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

బడి లేని కాలంలో ఆ పని పాట చేసింది. పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర జరిగిన పల్నాటి యుద్ధాన్ని తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్లలో వీరవిద్యావంతులు ముఖ్యులు. వాళ్లలో మాల కులస్తులు ఎక్కువ. కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెడతాడు. మాల కన్నమదాసు అతని సేనకు పెద్ద. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి పోతుంటే వెంట నడిచే తమ్ముళ్లు వేర్వేరు కులాలవాళ్లు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగైర్ 1974లో అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట ఈ కథ మొత్తం రికార్డు చేసి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. ఊళ్లో కలిసి కూర్చుని అన్నం తినని జనమే రాత్రుళ్లు కలిసి కూర్చుని, తమతో తినడానికి వీల్లేని మనిషి పాడుతుంటే, చాపకూడు కథ విని కళ్లు తుడుచుకునేవాళ్లు. తెల్లారితే ఎవరి బావి వాళ్లదే. కథ విన్న కన్నీటికీ పొద్దుటి నడవడికకూ మధ్య ఉన్న ఈ ఎడమే తర్వాతి చరిత్ర అంతా వెంటాడుతుంది.

వీధిబడి సంగతి వేరు. అరుగు మీద ఇసుక పరిచి వేలితో ఓనమాలు దిద్దించేవారు. ఆ తర్వాత సుమతి, వేమన శతకాలు, గజేంద్రమోక్షం, రుక్మిణీకల్యాణం, అమరం, అన్నీ కంఠతా. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. తెలుగు వ్యాకరణం రాసిన బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మరుసటేడు పంపిన నివేదికలో ఒక చురక ఉంది. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతున్నారనీ, అవి మాట్లాడే భాషకు దూరంగా ఉండటంతో వాటి అర్థం వాళ్లకూ తెలియదు, చాలామంది పంతుళ్లకూ తెలియదనీ అతని ఫిర్యాదు. బయటివాడి చూపు కాబట్టి కొంత తగ్గించుకుని చదవాల్సిందే. అయినా విషయం నిజం. ఏనుగు మొర పెట్టుకున్న పద్యం నోటికి వచ్చిన పిల్లవాడికి ఆ మొర ఏమిటో వివరించి చెప్పడం నాటి చదువులో తప్పనిసరి కాదు. పైగా ఏ పిల్లల మొర మనిషిగా వినాల్సి ఉందో ఆ మాల మాదిగ పిల్లలకు ఆ అరుగు మీద చోటే లేదు.

వేమన పద్యాలను పోగుచేసి 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ ఆ తర్వాత గుంటూరుకు అధికారిగా వచ్చాడు. వచ్చీ రావడంతోనే 1832-33 నాటి నందన కరువు ముంచుకొచ్చింది. డొక్కల కరువని జనం చెప్పుకున్న ఆ విపత్తులో జిల్లా జనాభాలో కనీసం మూడో వంతు తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికి చిలకలూరిపేట మానూరు వారి జమీ. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి, బడులు ఎత్తిపోయాయి.

ఆ బీడు మీద 1842 జులై 31న లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టాడు. ఆ తర్వాత అమెరికన్ బాప్టిస్టులు ఒంగోలు, నరసరావుపేట, వినుకొండ చేరారు. 1876-78 కరువు ముగిసేసరికి ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు క్రైస్తవం తీసుకున్నారు. వాళ్ల పిల్లలకు పలకా బలపం వచ్చాయి. లూథరన్లు గుంటూరులో 1885లో స్థాపించిన కళాశాల ఆ తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ప్రసిద్ధికెక్కింది. అక్షరం అంటరానివాడ దాకా వచ్చింది. ఇక మిగిలింది ఆ వాడ నుంచి ఒకరు లేచి తెలుగు పంతులు కావడమే.

జాషువా 1895 సెప్టెంబరు 28న పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, క్రైస్తవ బోధకుడు. తల్లి లింగమ్మ మాదిగ. కుర్రతనంలో వినుకొండలో జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. దీపాల పిచ్చయ్యశాస్త్రి బాల్యమిత్రుడు. ఇద్దరూ పద్యాలు కట్టేవాళ్లు. అంటే అతనికి సంస్కృత కావ్యం చెప్పినవారూ, తోడుగా పద్యం అల్లినవారూ బ్రాహ్మణులే. అదే వినుకొండలో ఒక అవధాన సభలో అతను పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. ఇటు హిందూ పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలకూ కోపం వచ్చింది. ఒక్క ఊరే మనిషిని దగ్గరికి తీసిందీ, దూరంగా నెట్టిందీ.

ఉద్యోగాలూ అలాగే నడిచాయి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. అదీ పోతే రాజమండ్రి వెళ్లి 1915-16లో మూగ సినిమాకు వాచకుడయ్యాడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి వాటి కథ, మాటలు గొంతెత్తి చదవడం ఆ కొలువు. మాట లేని మనుషులకు మాట అరువివ్వడం అతనికి అక్కడే అలవడిందేమో. తర్వాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులో తెలుగు పండితుడు.

తెలుగు పండితుడి గంట ఎలా సాగేదో ఆ తరం బడి చదువుకున్నవాళ్లకు తెలుసు. ముందు పద్యాన్ని రాగంతో చదవాలి. ఆ తర్వాత పదవిభాగం, సంధులు, అన్వయక్రమంలో ప్రతిపదార్థం, చివర తాత్పర్యం. పిల్లలు తిరిగి అప్పజెప్పాలి. తప్పితే బెంచీ ఎక్కాలి. పద్యం ఎవరి గురించి, ఆ మనిషి మన వీధిలో ఎవరు అన్న ప్రశ్న ఆ వరుసలో ఎక్కడా లేదు. పండితుడికి ఆసక్తి ఉంటే తాత్పర్యం దగ్గర కాసేపు ఆగేవాడు. లేకపోతే గంట కొట్టేవారు.

ఆ కొలువులో ఉండగానే జాషువా ‘ఫిరదౌసి’ (1932), ‘అనాథ’ (1934), చివరికి 1941లో ‘గబ్బిలం’ వెలువరించాడు. గబ్బిలం నిర్మాణంలో ఒక పంతులు తెలివి కనిపిస్తుంది. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కథానాయకుడు ఒక అస్పృశ్యుడు. తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలతాడు. తనకు గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. మేఘసందేశం చదివి యక్షుడి విరహానికి జాలిపడటం అలవాటైన పాఠకుడు అదే దారిన నడుస్తూ వచ్చి, అనుకోకుండా మాదిగవాడ గుడిసె ముందు నిలబడతాడు. జాలి పాతదే, దాన్ని అందుకునే మనిషి కొత్తవాడు. గబ్బిలం ఎదురు మాట్లాడదు, సర్దిచెప్పదు. దాంతో జవాబు చెప్పాల్సిన బాధ్యత చదివేవాడి మీద పడుతుంది. అవధాన పరంపరలో పెద్దదిక్కైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఆ తర్వాత 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జులై 24న గుంటూరులో ఆయన కన్నుమూశాడు.

ఆ ఇంటి చదువు ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పడానికి ఆయన కూతురు హేమలత ఉదాహరణ చాలు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు లవణంను పెళ్లాడిన ఆమె రచయిత్రి. చీరాల, బాపట్ల మధ్య ఉన్న స్టూవర్టుపురంలో, బ్రిటిష్ వాళ్లు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి సంస్కరణ పని చేసింది. జోగిని దురాచారం మీద పోరాడింది. పద్యం వల్లే ఇదంతా జరిగిందనడం అతిశయం అవుతుంది. పద్యానికి ఇందులో వాటా లేదనడం అబద్ధం అవుతుంది.

కవిత్వం ఇలా మెల్లగా పనిచేస్తుంటే నవల నేరుగా సర్కారు కంట్లో పడింది. ఉన్నవ లక్ష్మీనారాయణ డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చి, గుంటూరులో వితంతు వివాహాలు జరిపించి, స్త్రీ విద్య కోసం 1922లో శారదా నికేతనం పెట్టాడు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్లినప్పుడు అక్కడే ‘మాలపల్లి’ రాశాడు. మాల రామదాసు కుటుంబం కథ అది. కొడుకు సంగదాసు కూలీల పక్షాన నిలిచి భూస్వామి చౌదరయ్య చేతిలో చనిపోతాడు. మరో కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడిగా మారి ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. పాత్రలు గుంటూరు పల్లెల మాటే మాట్లాడతాయి. మాలపల్లె గుడిసెలో తల్లి, తండ్రి, కోడలు పొద్దున లేచి ఏం తింటారు, ఏం అనుకుంటారు, దేనికి నవ్వుకుంటారు అన్నది అంత వివరంగా అంతకుముందు తెలుగు నవలలో రాలేదు. బాధితులుగా కాక ఇంట్లోవాళ్లుగా కనబడటమే వాళ్ల బలం.

1922లో బెల్లంకొండ రాఘవరావు దాన్ని రెండు భాగాలుగా ప్రచురించారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శాసనమండలిలో వాదోపవాదాలు జరిగాయి. చివరికి కొన్ని మార్పులతో 1935లో మళ్లీ అచ్చయింది. అప్పుడు జరిగింది అసలు కథ. ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘మాలపల్లి’ని తెలుగు పాఠ్యపుస్తకంగా ఎంచుకుంది. 1936 మేలో ప్రభుత్వం మళ్లీ నిషేధం విధించి, పాఠ్యపుస్తకాల జాబితా నుంచి కూడా తీసేయించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక కానీ ఆ ఆంక్షలు పోలేదు. ఇంట్లో కూర్చుని ఒక్కడు చదువుకునే నవలకూ, తరగతిలో నలభైమంది కూర్చుని మాస్టారు చెబుతుండగా చదివే నవలకూ తేడా ఉందని సర్కారుకు బాగా తెలుసు. సాహిత్య పాఠానికి మనసు మార్చే శక్తి ఉందా అన్న సందేహం ఉన్నవాళ్లు ఆ నిషేధపు ఉత్తర్వును గుర్తు చేసుకుంటే చాలు.

బడికి బయట కూడా తరగతులు నడిచాయి. పత్తి అమ్మిన సొమ్ము చేతిలో ఆడే రోజుల్లో చిలకలూరిపేట చుట్టుపక్కల తిరునాళ్లలో రాత్రంతా ‘సత్య హరిశ్చంద్ర’ ఆడాల్సిందే. కాటిసీనులో హరిశ్చంద్రుడు వీరబాహుడికి బంటుగా శవాలు కాలుస్తుంటాడు. చంద్రమతి కొడుకు శవంతో వస్తుంది. కాటి సుంకం చెల్లించనిదే దహనం కుదరదని భర్తే అడ్డుపడతాడు. బలిజేపల్లి నాటకంలోని పద్యాలతో పాటు ఈ ఘట్టంలో నటులు జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను చేర్చి పాడటం ఆనవాయితీగా మారింది. రాజూ పేదా తేడా లేకుండా అందరినీ కలిపేసుకునే చోటు గురించిన పద్యాలవి. ఒన్స్‌మోర్ కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకున్నవాళ్లలో ఎంతమందికి ఆ కవి కులం తెలుసో గానీ, తెలిసినవాళ్లు కూడా ఆ గంటసేపు మరిచిపోయారు. కాటికాపరి కొలువు చేసే రాజును చూసి ఏడ్చిన ఊరు, తన కాటికాపరిని చూసి ఏడ్చిందా అన్నది ఆ నాటకం అడగని ప్రశ్న.

పుస్తకమూ పల్లెబాట పట్టింది. 1918 అక్టోబరులో వేటపాలెంలో యువకులు పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయమే తిరిగింది. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ 1943 తర్వాత ప్రజానాట్యమండలి తరఫున బుర్రకథ పట్టుకుని బెంగాల్ కరువును గుంటూరు పల్లెలకు వినిపించాడు. కలకత్తా ఎటువైపో తెలియని రైతులు అక్కడి ఆకలి కథ విన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక తరగతి గదిలో ఎక్కువగా వినిపించిన గొంతు కరుణశ్రీది. ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు అధ్యాపకుడాయన. ‘పుష్పవిలాపం’లో పూలు కోయబోయిన వాడితో పువ్వు మాట్లాడుతుంది. ఘంటసాల గొంతులో గ్రామఫోన్ రికార్డుగా వచ్చాక ఆ పద్యాలు రాని ఇల్లు లేదు. ఆ పాఠం విన్న సాయంత్రం మల్లెచెట్టు దగ్గర చేయి వెనక్కి తీసుకున్న పిల్లలు ఎందరో. ఎదుటివైపు నుంచి చూడటం అనే అలవాటును తేలిగ్గా, తియ్యగా నేర్పిన రచన అది. దాని పరిమితీ అందులోనే ఉంది. పువ్వు కూలి పెంచమని అడగదు, బావి దగ్గరికి రాదు. దాని మీద జాలికి ఖర్చు లేదు. అదే కవి ‘కుంతీకుమారి’లో పెళ్లికాని తల్లి బిడ్డను నదిలో వదిలే ఘట్టం ఎత్తుకున్నాడు. అక్కడ మాస్టారు పురాణం దాటి ఒక్క అడుగు వేస్తే తరగతిలో గాలి బిగుసుకుంటుంది. చాలామంది ఆ అడుగు వేయకుండా తర్వాతి పద్యానికి వెళ్లిపోయారు.

ఆ అడుగు వేయకపోవడం ఖరీదు ఎంతో 1985 జులై 17న తెలిసింది. పేట నుంచి పర్చూరు మీదుగా వెళ్తే కారంచేడు ఎంతో దూరం కాదు. దళితులు మంచినీళ్లకు వాడుకునే చెరువు దగ్గర మొదలైన గొడవ మరుసటి రోజుకు హత్యాకాండగా మారి ఆరుగురు దళితులను బలి తీసుకుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో మరో ఎనిమిదిమంది. రెండూ చదువుకున్న ఊళ్లే, వాచకాలు, హరిశ్చంద్ర పద్యాలు బాగా తెలిసిన ఊళ్లే. సాహిత్యం చదివితే మనసు దానంతట అదే మెత్తబడుతుందని నమ్మేవాళ్లకు ఈ రెండు తేదీలూ గట్టి జవాబు.

ప్రపంచానుభవమూ ఇలాగే రెండు వైపులా మొగ్గుతుంది. రిచర్డ్‌సన్ ‘పమేలా’, రూసో ‘జూలీ’ లాంటి నవలలు యూరప్ పాఠకులకు పనిమనిషి, సామాన్యుడు కూడా తమలాంటి మనుషులేనని చూపి మానవ హక్కుల భావనకు దారి వేశాయని చరిత్రకారిణి లిన్ హంట్ 2007లో వాదించింది. 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యూయెల్ కాస్టానో అనే మనస్తత్వ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో, మంచి కథాసాహిత్యం కాసేపు చదివినా ఎదుటివారి మనసు పోల్చుకునే నేర్పు పెరుగుతోందని ప్రకటించారు. మూడేళ్లకు ఇతర పరిశోధకులు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఒక్కసారి చదివితే చాలదన్నంత వరకు చాలామంది ఒప్పుకుంటున్నారు. ఎలా చదివించారు, చదివాక ఏం మాట్లాడుకున్నారు అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

కారంచేడు, చుండూరు తర్వాత తెలుగు పాఠం రూపు మారడం మొదలైంది. అంతకు ముందే ఇనాక్ ‘ఊరబావి’ కథ రాశాడు. ఊరబావిలో చేద వేసే హక్కు లేని వాడలో ఒక స్త్రీ తీసుకున్న తెగువ అది. అందులో జాలి కోసం చేయి చాచినవాళ్లు ఎవరూ లేరు. చదివేవాడు జాలిపడటం కాదు, నీళ్ల దగ్గర తానెటు నిలబడి ఉన్నాడో చూసుకోవాలి. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, మరుసటేడు ‘పదునెక్కిన పాట’ సంకలనాలతో దళిత కవిత్వం బలంగా ముందుకొచ్చింది. క్రమంగా విశ్వవిద్యాలయాల సిలబస్‌లోకి, బడి వాచకాల్లోకి ఆ గొంతులు చేరాయి. తెలుగు అధ్యాపకుడిగా మొదలైన ఇనాక్ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యాడు. 2014లో పద్మశ్రీ, 2018లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

పాఠం చెప్పే తీరులోనూ మార్పు కాగితం మీదికి వచ్చింది. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక పత్రం తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో పాఠం చివర ప్రతిపదార్థం ఒక్కటే కాకుండా అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత అనే విభాగాలు పెట్టారు. పాత్ర స్థానంలో నిన్ను ఊహించుకుని ఉత్తరం రాయి, ఈ సంఘటనను సంభాషణగా మార్చు, మీ ఊళ్లో ఇలాంటివారిని కలిసి మాట్లాడి రాయి వంటి పనులు అందులో ఉంటాయి. క్యాంప్‌బెల్ ఫిర్యాదుకు దాదాపు రెండు శతాబ్దాల తర్వాత దొరికిన జవాబు ఇది. ఇబ్బందల్లా గైడు పుస్తకాలతో. ఊహించుకుని రాయాల్సిన ఉత్తరం కూడా అచ్చులో తయారుగా దొరుకుతుంటే ఊహ అవసరం ఏముంది?

అయితే ఈ ప్రాంతపు మాస్టారుకు గైడులో దొరకని పాఠం ఒకటి కళ్లెదుటే ఉంది. సంక్రాంతి దాటాక మిర్చి కోతలు ఊపందుకుంటాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే లారీల్లో, ఆటోల్లో దిగుతాయి. చేల గట్ల మీద, కళ్లాల పక్కన పట్టాలతో గుడిసెలు వేసుకుంటారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కాయ కోసి టిక్కీలకు ఎత్తుతారు. ఘాటుకు కళ్లు మండుతుంటాయి, వేళ్లు భగభగలాడుతుంటాయి. వెంట వచ్చిన పిల్లల చదువు ఆ మూడు నాలుగు నెలలూ ఆగిపోతుంది. అలా ఆగకూడదనే వలస పంపే ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అయినా తల్లిదండ్రుల వెంట వచ్చేసే పిల్లలు ఉంటూనే ఉన్నారు. సరిగ్గా ఆ నెలల్లోనే పేట బడుల్లో పదో తరగతి రివిజన్ నడుస్తుంది. జాషువా పద్యానికి తాత్పర్యం రాయిస్తున్న మాస్టారు, మన ఊరి కళ్లంలో మీ వయసు పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్ల బడి ఎక్కడ ఉంది అని అడిగితే అయిదు నిమిషాలు పడుతుంది. ‘గబ్బిలం’ రాసింది ఆ అయిదు నిమిషాల కోసమే.

ఇప్పుడా అవకాశం కూడా కుంచించుకుపోతోంది. జాషువా, ఉన్నవ, ఇనాక్ లాంటివాళ్లను కాస్త పెద్ద మనసుతో చదవగలిగే వయసు పదహారు, పదిహేడు. ఆ వయసులో గుంటూరు, విజయవాడ కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో చేరుతున్న పిల్లల్లో అత్యధికులు ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుంటున్నారు. సంస్కృతం మీద ప్రేమతో కాదు. హనుమచ్ఛాస్త్రి దగ్గర జాషువా చదివిన సంస్కృతమూ కాదది. తక్కువ శ్రమకు ఎక్కువ మార్కులు వస్తాయని అంతే. ఈఏపీసెట్ ర్యాంకు, నీట్ సీటు లెక్కల్లో భాష ఒక అడ్డంకిగా మిగిలింది. ఆ పిల్లలే రేపు ఇదే జిల్లాలో డాక్టర్లు, ఇంజనీర్లు, తహసీల్దార్లు అవుతారు. మిర్చి కూలీ వాళ్ల ముందు నిలబడి తన గోడు చెప్పుకుంటాడు.

కాబట్టి పిల్లవాణ్ని ఇంటర్‌లో చేర్పించే పేట తల్లిదండ్రులకు ఒక్క మనవి. దరఖాస్తులో ద్వితీయ భాష అన్న గడి దగ్గర కాలేజీవాళ్లు చెప్పింది రాసేయకండి. తెలుగు అని రాయండి. ఓ అయిదు మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. తెలుగు మాస్టర్లకు మరో మనవి. సెప్టెంబరు 28న జాషువా జయంతికి పద్యాల పోటీ పెట్టి బహుమతులు ఇచ్చి ఊరుకోకండి. ఆ రోజు ‘గబ్బిలం’ చదివించి, ఈ ఊళ్లో ఇంకా ఎవరికి ఏ గడప మూసి ఉందో పిల్లల చేత రాయించండి.